గొంతు వెనక ఊరు

వకుళ చేసే ఉద్యోగానికి సరైన పేరు లేదు. ఎవరైనా అడిగితే "జనం చెప్పేది వింటాను" అనేది.

విశాఖపట్నం కంచరపాలెంలో, మోటార్లు చుట్టే కొట్టు పైన రెండు గదుల్లో ఆమె భర్త సుధీంద్ర 'ఆలకిని' అనే సాధనాన్ని తయారు చేస్తున్నాడు. ఏ ఆడియో ఫైలు ఇచ్చినా అందులోని శబ్దాలను పొరలు పొరలుగా విడదీసి చూపిస్తుంది అది. అక్కర్లేనివి తీసేస్తుంది. అమ్మకానికి పెట్టే ముందు కొన్ని వందల మందికి ఉచితంగా ఇచ్చారు. వాళ్ళకి ఫోన్లు చేసి, కుదిరితే ఇళ్ళకి వెళ్ళి, ఏది పనికొచ్చింది, ఏది విసిగించింది, ఇంకా ఏముంటే బాగుంటుంది అని అడిగి తెలుసుకోవడం వకుళ పని.

ఆ పని ఆమెకి ఇష్టం. అనకాపల్లిలో పెళ్ళి వీడియోలు తీసే అతను, సన్నాయి ఉండాలి గానీ డోలు సగానికి తగ్గాలన్నాడు. గాజువాకలో ఒక పెద్దావిడ, "మా ఆయన గురక ఆయనకే వినిపించాలమ్మా, ఫ్యాను చప్పుడని బుకాయిస్తున్నారు, గురక ఒక్కటే విడిగా తీసిపెట్టండి" అంది. వకుళ నవ్వుకుంటూ అన్నీ రాసుకొచ్చి సుధీంద్రకి చెప్పేది. ప్రతి ఒక్కరినీ చివర్లో ఒక ప్రశ్న తప్పకుండా అడగమన్నాడు సుధీంద్ర. ఈ ఫైలు ఎక్కడ రికార్డు చేశారు? ఏ ఊరు, ఏ వీధి? గది ప్రతిధ్వనిని సరిదిద్దడానికి అది అవసరమని చెప్పాడు. జనం కూడా ఏమీ అనుకోకుండా చెప్పేవాళ్ళు. మీరు ఫైలు బాగుచేయడానికే అడుగుతున్నారు కదా అనేవాళ్ళు.

అలా వెళ్ళిన ఇళ్ళలో సన్యాసమ్మ ఇల్లు ఒకటి.

సముద్రం ఒడ్డున చినముకుందపురం అనే పల్లె. రేకుల ఇల్లు. యాభై దాటిన మనిషి, సన్నగా, చురుగ్గా ఉంది. పొరుగింటివాళ్ళు ఎవరో ఆమె ఫోన్లో ఆలకిని పెట్టి ఇచ్చారు. అది పనిచేయడం లేదని ఆవిడే ఫోన్ చేసి చెప్పింది.

"రామ్మా, కూకో. ఇటు పక్కకి కూకో. ఆ సెవి పూర్తిగా పోనాది, ఈ సెవి సగం" అంది. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది. చెవి సరిగా వినపడని మనిషి గొంతు తగ్గించి మాట్లాడటం వకుళకి వింతగా అనిపించింది.

సన్యాసమ్మ కొడుకు గౌరునాయుడు ఆ దగ్గర్లోనే ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వ్యర్థాల తొట్టె కడగడానికి ఇద్దరు కూలీలను ముఖానికి ఏమీ లేకుండా లోపలికి దింపారు. ఇద్దరూ పైకి రాలేదు. వాళ్ళంతట వాళ్ళే దిగారని కంపెనీ అంది. కాదు, సూపర్‌వైజరు దిగమంటే దిగారు, నేను పక్కనే ఉన్నాను అని గౌరునాయుడు పోలీసులకి చెప్పాడు. ఆ మర్నాటి నుంచి ఇంటి చుట్టూ మోటార్ సైకిళ్ళు తిరిగాయి. కోర్టులో సాక్ష్యం చెప్పే రోజు వరకు కనపడకుండా ఉంటానని వెళ్ళిపోయాడు. ఎక్కడికో తల్లికి కూడా చెప్పలేదు. అప్పుడప్పుడూ ఎవరెవరి నంబర్ల నుంచో ఒక మాట రికార్డు చేసి పంపిస్తాడు.

"ఆడి గొంతని తెలుస్తాది గానీ ఏటంటన్నాడో తెల్దమ్మా. గుయ్యిమని ఒకటే రొద. ఎవులికైనా ఇనిపించి అడుగుదామంటే బయం. ఆ రొద తీసీసి ఆడి గొంతొకటే ఇనపడేలాగ సెయ్యలేరేటి?"

ఉచితంగా ఇచ్చిన ఆలకినికి ఆ శక్తి లేదు. సుధీంద్ర దగ్గర ఉన్న పెద్ద యంత్రం మీద చేయాలి. ఆ మాటే చెప్పి, "ఫైలు నేను పట్టుకెళ్తానమ్మా. మా గది దాటి ఎక్కడికీ వెళ్ళదు. నాదీ పూచీ" అంది వకుళ.

సన్యాసమ్మ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత ఫోన్ చేతిలో పెట్టింది.

*

సుధీంద్ర ఆ ఫైలు మీద పడితే అన్నం వేళకి కూడా లేవలేదు. కింద కొట్టువాళ్ళని మోటార్లు ఆపమని ఒకటికి రెండుసార్లు బతిమాలుకున్నాడు. చివరికి ఒక మధ్యాహ్నం వకుళని పిలిచి, హెడ్‌ఫోన్ ఆమె చెవులకి పెట్టాడు.

"అమ్మా, నాను బానే ఉన్నాను. మాత్తర్లు మానీకు. కేసు రోజుకి వొచ్చెత్తాను. ఎవులేటడిగినా తెల్దను."

మధ్యలో ముక్కు ఎగబీల్చిన చప్పుడు. వెనక ఏమీ లేదు. గాలి కూడా లేదు.

"ఎలా తీశావు?" అంది వకుళ.

"తీయాలంటే ముందు అదేంటో తెలియాలి కదా." సుధీంద్ర కళ్ళు మెరుస్తున్నాయి. "నీ ఫోన్లో పాత రికార్డింగ్ ఏదైనా ఉంటే ఇవ్వు. ఎక్కడిదో చెప్పకు."

వకుళ తన అక్క కూతురు పద్యం అప్పజెప్పినప్పటి ఫైలు ఒకటి ఇచ్చింది. యంత్రం పిల్ల గొంతు పక్కకి నెట్టి, అడుగున ఉన్న సన్నటి గుయ్యిమనే శబ్దాన్ని పట్టుకుంది. తెర మీద ఒక పటం విచ్చుకుంది. దాని మీద ఒక చుక్క వెలిగింది.

"బొబ్బిలి. రైలు గేటు అవతల వీధి" అన్నాడు సుధీంద్ర.

వకుళ చప్పట్లు కొట్టింది. నిజంగా అక్క ఇల్లు అదే.

కరెంటు ఉన్న చోటల్లా ఆ గుయ్యి ఉంటుంది, మన చెవి దాన్ని పట్టించుకోదు అని చెప్పాడు అతను. ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎన్ని పంపులున్నాయి, మిల్లులున్నాయి, తీగలు ఎంత పాతవి అన్నదాన్ని బట్టి దాని తీరు మారిపోతుంది. ఏ రెండు వీధులూ ఒకలా మోగవు. పేర్లు తెలిసిన వీధుల మోతలు కొన్ని వేలు సేకరిస్తే, మధ్యలో ఉన్నవాటిని యంత్రం తనే ఊహించుకుంటుంది.

"అన్ని వేలు ఎక్కడివి?"

"నువ్వు తెచ్చినవే. ఒక్కొక్కరు పదేసి ఫైళ్ళు ఇచ్చారు. ఎక్కడ రికార్డు చేశారని నువ్వు అడిగి తెచ్చిన ప్రతి ఫైలూ ఇందులో ఒక చుక్క. ఇదంతా నీ చలవే వకుళా."

ఆమె నవ్వు కొంచెం తగ్గింది. "ప్రతిధ్వని కోసమన్నావు?"

"అదీ ఉంది."

"గౌరునాయుడి చోటు చూశావా?"

"నాకెందుకు?" అన్నాడు సుధీంద్ర. తెర మూసేశాడు.

మర్నాడు వకుళ ల్యాప్‌టాప్ పట్టుకుని చినముకుందపురం వెళ్ళింది. సన్యాసమ్మ మంచి చెవికి హెడ్‌ఫోన్ గట్టిగా నొక్కిపట్టుకుని విన్నది. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ. ఆఖరికి "జలుబు సేసినాదాడికి" అని, చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని నవ్వింది. ఫోన్లో వేసి ఇవ్వనా అంటే వద్దంది. "నా దగ్గరుంచీకమ్మా. ఎవులైనా తీసి సూత్తే? నీ దగ్గరే ఉండనీ. మళ్ళీ ఇనాలనిపిత్తే నిన్ను రమ్మంటాను."

*

సుధీంద్ర ఒక కొత్త ప్రశ్న రాసి ఇచ్చాడు. రికార్డు చేసిన చోటు కూడా ఆలకిని చెప్పగలిగితే మీకు ఉపయోగమా?

చాలామంది ఉపయోగమే అన్నారు. ఎక్కడున్నావంటే డ్రైవర్లు అబద్ధాలు చెప్తారు, ఇక చెప్పలేరు అన్నాడు ఒక లారీల యజమాని. ఒకాయన, భార్య ఫోన్ చేసినప్పుడు ఎక్కడినుంచి మాట్లాడుతోందో తెలుస్తుందా అని నవ్వుతూ అడిగాడు. ఆ నవ్వు వకుళకి నచ్చలేదు. ఇంటికి వచ్చేదాకా ఆ నవ్వే చెవిలో ఉండిపోయింది.

సన్యాసమ్మని అడిగినప్పుడు ఆవిడ చేస్తున్న పని ఆపింది.

"మా గుంటడెక్కడున్నాడో తెలుస్తాదేటి?"

"మీరు కావాలంటే."

"వొద్దు. నాకే తెలకూడదమ్మా. తెలిస్తే నోరు జారతాను. ఎవులో వొచ్చి గట్టిగా అడిగితే ముసిల్దాన్ని, ఏటి సెయ్యగలను? తెల్దు అంటే నిజంగానే తెలకుండా ఉండాల." ఆగి, "అలాంటిది ఉండకూడదమ్మా. మీ ఆయనకి సెప్పు" అంది.

వకుళ చెప్పింది. ఉండకూడదు, తీసేయమంది. సుధీంద్ర వాదించాడు. కత్తి కూరలు తరగడానికీ పనికొస్తుంది, దేనికైనా పనికొస్తుంది, అందుకని కత్తులు మానేస్తామా అన్నాడు. నాలుగేళ్ళ కష్టంలో నిజంగా కొత్తగా కనిపెట్టింది ఇదొక్కటే అన్నాడు. ఆమె కదల్లేదు.

"వాళ్ళు నన్ను చూసి ఇచ్చారు సుధీ, ఆలకినిని చూసి కాదు."

చివరికి అతను "సరే" అన్నాడు. కొన్నాళ్ళకి, "తీసేశాను. తృప్తేనా?" అని అడిగాడు. తెర మీద ఆ పటం ఉండే చోట ఇప్పుడు ఏమీ లేదు. ఆ సాయంత్రం వకుళ అతనికి ఇష్టమని వంకాయ కాల్చి పచ్చడి చేసింది. తాను అడిగిన వాళ్ళందరికీ మళ్ళీ ఫోన్ చేసి, చోటు చెప్పే ఏర్పాటు ఉండదు, మీ ఫైళ్ళకి భయం లేదు అని చెప్పింది. పెళ్ళయినప్పటినుంచీ భర్తని చూసి ఎప్పుడూ అంత గర్వపడలేదు.

తర్వాత హైదరాబాదు నుంచి ఒక సెక్యూరిటీ కంపెనీ వాళ్ళు ఆలకినిని చూడటానికి వచ్చారు. బ్యాంకులకి వచ్చే దొంగ ఫోన్లు పట్టుకోవడానికి కొంటారట అని సుధీంద్ర చెప్పాడు. వాళ్ళు వచ్చే రోజున వకుళని విజయనగరంలో వాడుకదార్లని కలిసి రమ్మన్నాడు. ఆమె వెళ్ళింది. తిరిగొచ్చేసరికి అతను మిఠాయి పొట్లంతో గుమ్మంలో ఉన్నాడు.

*

వానలు మొదలైన వారంలో సన్యాసమ్మ ఫోన్ చేసింది. "నువ్వొకసారి రా" అని మాత్రం అంది.

వకుళ వెళ్ళేసరికి గౌరునాయుడు ఇంట్లోనే ఉన్నాడు. మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పాతికేళ్ళుంటాయేమో. సన్యాసమ్మ ఆమెని కూర్చోమనలేదు.

"నిన్న కోర్టుకెళ్ళినాడు. నాను సూడనేదన్నాడు. ఆ దినం డూటీలోనే లేనన్నాడు. సచ్చిపోనోల్ల పెల్లాలిద్దరూ అక్కడే ఉన్నారు. ఆల్ల ముందే అన్నాడు." ఆవిడ గొంతులో ఏడుపు లేదు. "ఇంటికొచ్చినాడు. నా సేత్తో అన్నం ఎడితే తిననంటన్నాడు. ఎందుకో ఆడినే అడుగు."

గౌరునాయుడు ఇటు తిరగకుండానే చెప్పాడు. ఒడిశాలో, సరిహద్దు దాటగానే ఉన్న ఒక చిన్న ఊళ్ళో రైస్ మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. అక్కడ అతని అసలు పేరు ఎవరికీ తెలియదు. ముగ్గురు మనుషులు తిన్నగా మిల్లుకే వచ్చారు. కొట్టలేదు. టీ ఇప్పించారు. ఫోన్ తీసి, అతను తల్లికి పంపిన మాట అతనికే వినిపించారు. "మీ అమ్మే ఇచ్చింది నీ గొంతు. నీ జోలికి మేం రాం. ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉంటుంది కదా, ఆలోచించుకో" అన్నారు.

"డబ్బిచ్చి అడిగినారో, బెదిరించి అడిగినారో. ఎలాగడిగినా అమ్మిచ్చినాది. దానికేటైనా అయిపోద్దని మళ్ళీ దానికోసరమే కోర్టులో అబద్ధమాడొచ్చినాను" అన్నాడు.

"వాళ్ళు వినిపించింది ఎలా ఉంది?" అని అడిగింది వకుళ. " వెనక మిల్లు రొద ఉందా?"

"రొదేటి? ఏటీ లేదు. నా గొంతు నాకే కొత్తగా ఉన్నాది. పక్కనెవులో కూకుని సెప్పినట్టున్నాది."

సన్యాసమ్మ ఫోన్లో ఉన్నది రొద ఉన్న ఫైలు. రొద లేనిది లోకంలో ఒక్కటే ఉంది. దాన్ని ఆ ఇంటికి తెచ్చి వినిపించి, తిరిగి తీసుకెళ్ళింది తనే. ల్యాప్‌టాప్‌లో ఉన్న నకలు ఆరోజే చెరిపేసింది. మిగిలింది కంచరపాలెం గదిలోని యంత్రంలో ఉన్నదే.

"నేను మళ్ళీ వస్తాను" అని బయటికి నడిచింది.

*

సుధీంద్ర కొత్త కుర్చీలో కూర్చుని ఏదో వింటున్నాడు. ఆమె వెనకనుంచి వెళ్ళి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"గౌరునాయుడి ఫైలు వాళ్ళకి చూపించావా?"

ఏ గౌరునాయుడు అని అతను అడగలేదు. అది చాలు ఆమెకి. అయినా నిలబడింది.

"కష్టమైన ఫైలు ఏదైనా చూపించమన్నారు. దాన్ని మించింది మన దగ్గర ఏముంది?"

"నకలు ఇచ్చావా?"

"నమూనాలు ఇవ్వకుండా ఎవడు కొంటాడు? వాడుకదార్లు ఏమన్నారో చూపించమంటే నీ రిపోర్టులు ఇచ్చాను. అందులో ఆ తల్లి గురించి నువ్వే చాలా బాగా రాశావు. వాళ్ళు అది చదివాకే ఆ ఫైలు నకలు అడిగారు."

సన్యాసమ్మ తలుపు దగ్గరగా వేసి చెప్పినవన్నీ. ఆమె భయం ఎలాంటిదో సుధీంద్రకి అర్థం కావాలని, అర్థమైతే ఆ పని మానేస్తాడని, వకుళ ఒక్క మాట కూడా వదలకుండా రాసింది.

"చోటు చెప్పేది తీసేశానన్నావు."

"నీకు కనిపించే తెర మీద తీసేశాను."

కింద కొట్టులో మోటారు ఒకటి తిరగడం మొదలుపెట్టింది.

"వాళ్ళెవరో తెలుసా నీకు? ఆ ఫ్యాక్టరీ తరఫున వచ్చినవాళ్ళు."

"నేను అడగలేదు." తల దించుకుని, "ఆ ఒక్క ఫైలే ఎందుకు మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నారా అని అనిపించింది. అడిగితే వెళ్ళిపోతారేమో అనిపించింది" అన్నాడు. వెంటనే ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. "ఇదంతా ఎవరికోసం వకుళా? మనకోసమే కదా. ఇంకా ఎన్నాళ్ళు ఈ మోటార్ల మోతలో?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇన్నేళ్ళుగా ఊళ్ళు తిరిగి ఎంతమంది చెప్పింది విన్నదో. ఇంట్లో మనిషి "తీసేశాను" అన్నప్పుడు అందులో ఏముందో మాత్రం వినలేకపోయింది. పచ్చడి వడ్డిస్తుంటే అతను ఇంకొంచెం నెయ్యి వేయమన్నాడు. అప్పుడు కూడా ఆ పటం లోపల వెలుగుతూనే ఉంది.

"నేనేం చేస్తున్నానో అడిగిన ప్రతివాళ్ళకీ జనం చెప్పేది వింటానని చెప్పుకున్నాను" అంది. "నీకోసం నిఘా పెట్టానన్నమాట."

సుధీంద్ర ఏదో అన్నాడు. మోటారు చప్పుడులో ఆమెకి వినపడలేదు. మళ్ళీ చెప్పమని అడగలేదు.

ఆ రాత్రి నుంచి ఆమె అక్క దగ్గరే ఉంది. తనను నమ్మి ఫైళ్ళు ఇచ్చినవాళ్ళకి వరసగా ఫోన్లు చేసి, మీ ఫైళ్ళతో ఏం చేశారో చెప్పి, ఆలకినిని తీసేయమంది. గాజువాక పెద్దావిడ తిట్టిపోసింది. పెళ్ళి వీడియోల అతను అంతా విని, "అయితే డోలు తగ్గించేది ఇక రాదా మేడమ్?" అని అడిగాడు.

*

చినముకుందపురంలో గుమ్మం బయటే నిలబడి చెప్పింది వకుళ. గౌరునాయుడు ఈసారి ఇటు తిరిగాడు.

"ఒక్కటే సెప్పండి. మాయమ్మ ఇచ్చినాదా, ఇవ్వలేదా?"

"నీ మాటలు అర్థం కావాలని నాకు ఇచ్చింది. నేను మా ఆయనకి ఇచ్చాను. ఆయన అమ్మాడు. నువ్వు ఎక్కడున్నావో తెలుసుకోవాలా అని నేను అడిగితే, నాకే తెలియకూడదు అంది మీ అమ్మ."

గౌరునాయుడు తల్లి వైపు చూశాడు. సన్యాసమ్మకి ఈ మాటలు సరిగా వినపడలేదు. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. అతను లేచి వెళ్ళి, ఆమె మంచి చెవిలో అంతా చెప్పి, కుండలోంచి కంచంలోకి తనే అన్నం పెట్టుకుని, ఆమె పక్కన కూర్చున్నాడు. తిన్నాడు. ఆవిడ కొడుకు వీపు మీద చెయ్యి వేసింది.

వకుళ వెళ్ళబోతుంటే సన్యాసమ్మ గుమ్మం దాకా వచ్చింది.

"నువ్వు సెడ్డదానివి కాదు, తెలుసు. కానీ నాదీ పూచీ అన్నావు కదా. మరింక మా ఇంటికి రాకమ్మా."

వకుళ తల ఊపి వచ్చేసింది.

చనిపోయిన కూలీల తరఫు లాయరుని వెతుక్కుంటూ వెళ్ళింది వకుళ. ఆ లాయరు ఒకావిడ. వకుళ చెప్పిందంతా విని పెన్ను కింద పెట్టింది. "మీ ఆయన మీతో ఇంట్లో అన్న మాటలు కోర్టు వినదు. భార్యాభర్తల మధ్య మాటలకి అలాంటి రక్షణ ఉంది. మీరు చేసింది, మీ కళ్ళతో చూసింది మాత్రం చెప్పొచ్చు. అది చెప్తే మీ పేరు కూడా బయటికొస్తుంది. ఇక ఎవరూ మీకు ఒక్క ఫైలు కూడా ఇవ్వరు. ఆలోచించుకోండి."

"చెప్తాను" అంది వకుళ.

సాక్షిని బెదిరించారన్న అర్జీ విచారణకి రావడానికి చాలాకాలం పట్టింది. ఈలోగా ఆలకిని అమ్ముడుపోయింది. సుధీంద్ర హైదరాబాదు వెళ్ళిపోయాడు. విచారణ రోజున వకుళ బోనులో నిలబడి, తాను ఏ ఇంట్లో ఏ ఫైలు తీసుకుందో, ఎవరికిచ్చిందో, ఆ గుయ్యిమనే శబ్దం నుంచి పటం మీద చుక్క ఎలా పుడుతుందో తన కళ్ళతో చూసింది చూసినట్టు చెప్పింది. సుధీంద్ర మీకేమవుతారు అని ఎదుటి పక్షం లాయరు అడిగాడు. భర్త అంది. భర్త మీద కోపంతో చెప్తున్నారా అన్నాడు. "కోపం ఉంది. చెప్పింది నిజం" అంది.

అర్జీ ఒప్పుకున్నారు. గౌరునాయుడిని మళ్ళీ పిలిచారు.

హాలు నిండుగా ఉంది. వెనక బెంచీలో ఒక్కచోటే ఖాళీ ఉంటే వకుళ వెళ్ళి కూర్చుంది. కూర్చున్నాక చూసుకుంది, పక్కన సన్యాసమ్మ. ఆవిడ మంచి చెవి ఇటువైపే ఉంది. పైన ఫ్యాన్లు కటకటమంటున్నాయి, బయట వాన. గౌరునాయుడు బోనులో మాట్లాడటం మొదలుపెట్టాడు. గొంతు చిన్నగా ఉంది. సన్యాసమ్మ ముందుకి వంగింది, మెడ చాచింది. ఏమీ అందక కొడుకు పెదాల వంకే చూసింది. కాసేపు ఓర్చుకుంది. ఆఖరికి వకుళ వైపు తిరగకుండానే అడిగింది.

"ఏటంటన్నాడు?"

వకుళ ఆమె చెవి దగ్గరికి జరిగింది.

"ఆ రోజు డ్యూటీలోనే ఉన్నానంటున్నాడు" అని మెల్లగా చెప్పింది. "ఆ ఇద్దరినీ తొట్టెలోకి దిగమన్నది సూపర్‌వైజరే, నేను పక్కనే ఉన్నాను అంటున్నాడు. వాళ్ళ పేర్లు చెప్తున్నాడు."